ముందు లేక్ చూసుకోండి, క్యాబిన్ సంగతి తర్వాత

మీ ప్రశ్న సారాంశం ఇదీ: షికాగో పక్కన ఉంటున్నారు, గుంటూరు నుంచి అత్తగారూ మావగారూ వచ్చి ఉన్నారు, ఆరేళ్ల పాప, పదకొండేళ్ల బాబు, తోడుగా ఇంకో ఫ్రెండ్స్ కుటుంబం. ఉత్తర మిన్నెసోటాలో అడవి మధ్య లేక్ పక్కన ఒక వారం ఉండాలి. ఎలీ మంచిదా, గన్‌ఫ్లింట్ ట్రయిల్ మంచిదా, ఏ రిసార్ట్ బుక్ చేయాలి? ఇరవై వెబ్‌సైట్లు చూశాం, అన్నీ ఒకేలా ఉన్నాయి అని కూడా రాశారు. నిజమే, ఒకేలా ఉంటాయి. అందరూ సాయంత్రం పూట డాక్ (నీళ్లలోకి కట్టిన చెక్క రేవు) చివర రెండు చెక్క కుర్చీలు వేసి అదే ఫొటో తీస్తారు. ఆ ఫొటో చూసి తేల్చుకోగలిగింది ఏమీ లేదు.

నేను మినియాపొలిస్ దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను. వేసవిలో ఉత్తరం వైపు వెళ్లడం మా ఇంట్లో అలవాటైపోయింది, ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినా, పసిపిల్లలున్నా, కుర్రాళ్లమే వెళ్లినా. ఫలానా రిసార్ట్ అని పేరు చెప్పను, ఎందుకంటే నాకు నచ్చిన చోట మీ మావగారు రెండో రోజే "ఇంటికెప్పుడు వెళ్తాం" అనొచ్చు. ఎలా ఎంచుకోవాలో చెప్తాను, దానికి మీ వివరాలు సరిపోతాయి.

ముందు ఒక విషయం ఇంట్లో అందరికీ చెప్పేయండి. అక్కడ రిసార్ట్ అంటే పదో పన్నెండో క్యాబిన్లు, ఒక లాడ్జ్, ఒక డాక్, చేపలు కోసుకునే షెడ్డు, చాలాచోట్ల ఒక సానా, అంటే వేడికి చెమట పట్టించే స్నానాల గది. ఆ ప్రాంతంలో ఫిన్‌లాండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ, అందుకే సానా. నడిపేది ఒక కుటుంబం. ఫోనెత్తేదీ, పడవలో పెట్రోలు పోసేదీ, దుప్పట్లు ఉతికేదీ వాళ్లే. రోజూ వచ్చి గది ఊడ్చేవాళ్లుండరు, తువ్వాళ్లు మనమే తెచ్చుకోవాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. టీవీ ఉండకపోవచ్చు, ఏసీ చాలా క్యాబిన్లలో ఉండదు. మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా పూల్, స్పా, గోల్ఫ్ లేకపోతే సెలవులా అనిపించదంటే, మినియాపొలిస్‌కి రెండున్నర గంటల దూరంలో బ్రెయినర్డ్ వైపు గల్ లేక్ మీద పెద్ద పెద్ద రిసార్టులున్నాయి, హాయిగా అటు వెళ్లిపోండి. తప్పేం లేదు. కాకపోతే అది అడవి కాదు, మీరు అడిగింది అడవి.

ఇక అసలు సంగతి. క్యాబిన్ ఎంత బాగున్నా మీరు అందులో గడిపేది నిద్రపోయేటప్పుడూ వాన పడేటప్పుడూ. మిగతా రోజంతా లేక్‌తోనే పని. పిల్లలు నీళ్లలో దిగగలరా, పడవ వేసుకుంటే గాలికి భయపడాలా, పొద్దున్నుంచీ పక్కన జెట్ స్కీలు రొద పెడతాయా, పాప కాలు పెడితే ఇసుక తగులుతుందా బురద తగులుతుందా, ఇవన్నీ లేక్‌ని బట్టి ఉంటాయి. మంచి లేక్ మీద ఓ మోస్తరు క్యాబిన్ దొరికినా వారం బాగా గడుస్తుంది. గ్రానైట్ వంటగట్టు, తోలు సోఫా ఉన్న క్యాబిన్ తీసుకుని, నాచు పట్టిన నీళ్లు చూస్తూ కూర్చుంటే పిల్లలు మూడో రోజుకి ఐప్యాడ్ పట్టుకుంటారు.

కాబట్టి ముందు ప్రాంతం, తర్వాత లేక్, ఆ తర్వాతే రిసార్ట్.

ఎలీ నుంచి మొదలుపెడదాం. మూడు వేల పైచిలుకు జనం ఉండే చిన్న ఊరు, ఉత్తర మిన్నెసోటాలోని నగరం డులూత్ నుంచి రెండు గంటలు. బౌండరీ వాటర్స్ అనే రక్షిత అడవికి అది ముఖద్వారం లాంటిది: పది లక్షల ఎకరాలకు పైనే అడవి, అందులో వెయ్యికి పైగా లేకులు. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం కిందా, 1978లో దానికోసమే చేసిన ఇంకో చట్టం కిందా దాన్ని కాపాడుతున్నారు. లోపల రోడ్లుండవు, ఇళ్లుండవు, చాలా లేకుల మీద మోటారు పడవలు నిషేధం, అనుమతి ఉన్న కొన్నింటి మీద కూడా ఇరవై అయిదు హార్స్‌పవర్, పది హార్స్‌పవర్ అని పరిమితి ఉంటుంది. రిసార్టులు ఆ సరిహద్దు బయట, అంచున ఉంటాయి. ఎలీకి ఉన్న సుగుణం ఏంటంటే అడవి అంచునే ఉన్నా పక్కనే ఊరుంది: ఆస్పత్రి ఉంది, సరుకుల కొట్టుంది, వాన పడితే పిల్లల్ని తీసుకెళ్లడానికి తోడేళ్లని చూపించే ఇంటర్నేషనల్ వుల్ఫ్ సెంటర్, ఎలుగుబంట్లని చూపించే నార్త్ అమెరికన్ బేర్ సెంటర్ ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఈ ఊరు పక్కనుండటం ఎంత ధైర్యమో వెళ్లాక తెలుస్తుంది.

ఎలీ దగ్గర కూడా లేకులన్నీ ఒకటి కాదు. బర్న్‌సైడ్ లేక్ నీళ్లు తేటగా ఉంటాయి, లోతెక్కువ, చిన్నాపెద్దా కలిపి వందకు పైగా దీవులు, చూడటానికి చాలా అందం. కానీ నీళ్లు చల్లన, జూన్‌లో పిల్లలు దిగి అరిచి బయటికొచ్చేస్తారు. వైట్ ఐరన్, గార్డెన్, ఫార్మ్, సౌత్ ఫార్మ్ అని నాలుగు లేకులు ఒకదానికొకటి కలిసి ఉంటాయి, వాటి నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లు మురికి అనుకుంటారు. మురికి కాదు, చుట్టూ ఉన్న బాడవ నేలల్లో నానిన ఆకుల, నాచు రంగు అది. బకెట్లో పట్టి చూస్తే లేత గోధుమ రంగు, గాజు గ్లాసులో అయితే కాస్త పసుపు. ముదురు నీళ్లు ఎండకి త్వరగా వేడెక్కుతాయి, ఈతకి అవే సుఖం. కొన్ని క్యాబిన్లలో బోరు నీళ్లకి ఇనుము వాసన కూడా ఉంటుంది, తాగడానికి బయట క్యాన్లు కొనుక్కుంటే సరి. అత్తగారికి ఇవి ముందే చెప్పండి, లేకపోతే ఆ నీళ్లతో బియ్యం కడగరు.

గన్‌ఫ్లింట్ ట్రయిల్ తీరు వేరు. లేక్ సుపీరియర్ ఒడ్డున గ్రాండ్ మరే అనే ఊరి దగ్గర మొదలై యాభై ఏడు మైళ్లు అడవిలోకి వెళ్లి సాగనాగ లేక్ దగ్గర ఆగిపోయే ఒకే ఒక రోడ్డు. కొండలు, రాతి గోడలు, లోతైన చల్లటి నీళ్లు, లేక్ ట్రౌట్ చేపలు. మూస్ అనే భారీ జింక కనపడే అవకాశం కూడా అటే ఎక్కువ. అందంలో నా ఓటు దానికే. హనీమూన్ బ్లఫ్ అని చిన్న ఎక్కుడు ఉంది, పదిహేను ఇరవై నిమిషాల్లో పైకి వెళ్తే కింద హంగ్రీ జాక్ లేక్ మొత్తం కనిపిస్తుంది, ఆరేళ్ల పిల్ల కూడా ఎక్కగలదు. కానీ షికాగో నుంచి వచ్చేవాళ్లకి ఇంకా దూరం, పైగా ట్రయిల్ చివర్లో క్యాబిన్ తీసుకుంటే ఆస్పత్రి కోసం గ్రాండ్ మరే దాకా గంటకు పైగా డ్రైవ్. మీ మావగారికి స్టెంట్ వేశారని రాశారు. నేనైతే ఈసారికి అటు వెళ్లను. పెద్దవాళ్లు లేని ఏడాది మీ ఇద్దరూ పిల్లలూ వెళ్లండి, తనివితీరా తిరగొచ్చు.

వాయేజర్స్ నేషనల్ పార్క్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు. 1975లో ఏర్పడిన పార్క్, ప్రవేశ రుసుము లేదు, 2020లో దానికి అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ (రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే పార్క్) గుర్తింపు కూడా వచ్చింది. చిక్కేంటంటే అందులో చూడాల్సినవి దాదాపు అన్నీ నీళ్ల మీదుగా వెళ్తేనే దొరుకుతాయి. పడవ నడపడం రానివాళ్లు ఒడ్డున కూర్చుని పార్క్ చూశాం అనుకోవాలి. పార్క్ వాళ్ల టూర్ బోట్లు ఉన్నాయి, బాగుంటాయి, కానీ వారం అంతా వాటి మీదే గడవదు. అక్కడి రెయినీ, కాబెటొగామా లేకులు పెద్ద నీళ్లు, గాలి లేస్తే అలలు చిన్న పడవని బంతాడేస్తాయి. కాబెటొగామాలో వేసవి చివర్లో ఆకుపచ్చటి నాచు తేలడం కూడా మామూలే, ఆగస్టులో పిల్లల ఈత కోసం వెళ్లేవాళ్లు ఆ సంగతి కనుక్కోకుండా డబ్బు కట్టొద్దు.

నాలుగోది వర్మిలియన్ లేక్. సుమారు నలభై వేల ఎకరాల లేక్, ఒడ్డున ఇళ్లుంటాయి, స్పీడ్ బోట్లు తిరుగుతాయి, అడవి అనడానికి మనసొప్పదు. కానీ మీలాంటి కలగూరగంప బృందానికి మంచి మధ్యే మార్గం. అక్కడ బోయ్ ఫోర్ట్ ఒజిబ్వే అనే స్థానిక ఆదివాసీ తెగవాళ్లు నడిపే ఫార్చ్యూన్ బే అని హోటల్ ఉంది, క్యాసినో, ఇండోర్ పూల్, రెస్టారెంట్ అన్నీ. పెద్దవాళ్లకి మెట్లు పడవు, అడవి గుడిసెలో ఉండలేరు అనిపిస్తే అక్కడ రూములు తీసుకుని పగలు ఎలీ వైపు తిరిగి రావచ్చు.

మీకు నా సలహా అడిగితే ఎలీయే, అందులోనూ వైట్ ఐరన్ వరస లేకులు గానీ, జూలై ఆఖర్లో అయితే బర్న్‌సైడ్ గానీ.

లేక్ గురించి వెబ్‌సైట్ చెప్పనివి తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. మిన్నెసోటా సహజ వనరుల శాఖ, అందరూ డీఎన్‌ఆర్ అంటారు, వాళ్ల సైట్లో లేక్‌ఫైండర్ అని ఉంటుంది. లేక్ పేరు కొడితే విస్తీర్ణం, లోతుల మ్యాపు, నీళ్ల తేటదనం, ఏ చేపలెన్ని ఉన్నాయో సర్వే రిపోర్టు వస్తాయి. లోతు గీతలు ఒడ్డుకి దగ్గర దగ్గరగా ఉంటే రెండడుగులు వేయగానే లోతు అని అర్థం, దూరం దూరంగా ఉంటే పిల్లలు ఆడుకోవచ్చు. రెండోది గూగుల్ మ్యాప్స్ శాటిలైట్ బొమ్మ. రిసార్ట్ మీదకి దించి చూడండి: క్యాబిన్ నుంచి నీళ్లకి ఎంత దూరం, క్యాబిన్లు ఒకదాని నెత్తి మీద ఒకటి ఉన్నాయా, వెనకే హైవే ఉందా, డాక్ ఎటు తిరిగి ఉంది. అక్కడ గాలి ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి వస్తుంది. లేక్‌కి తూర్పు ఒడ్డున ఉన్న రిసార్టులకి సూర్యాస్తమయం బాగా కనిపిస్తుంది, అలలూ వాళ్లకే తగులుతాయి. దీవి చాటునో చిన్న బే లోపలో ఉన్న చోటు పిల్లలున్నవాళ్లకి మంచిది.

తర్వాత ఫోన్ చేయండి. ఈమెయిల్ వద్దు, ఆన్‌లైన్ బుకింగ్ బటన్ అసలొద్దు. ఓనరే ఎత్తుతారు, అడిగినవాటికి దాచకుండా చెప్తారు, ఎందుకంటే మీరు అసంతృప్తిగా ఉంటే ఆ వారమంతా మీ మొహం చూడాల్సింది వాళ్లే.

మొట్టమొదట మెట్ల గురించి అడగండి. ఆ నేలంతా బండరాయి, క్యాబిన్ పైన, డాక్ కింద. "కారు నుంచి క్యాబిన్‌కి ఎన్ని మెట్లు, క్యాబిన్ నుంచి డాక్‌కి ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా" అని మూడూ విడివిడిగా అడగండి. నీళ్లకి దగ్గరే అని చెప్పిన క్యాబిన్‌కి నలభై చెక్క మెట్లుండటం అక్కడ వింతేం కాదు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు మొదటి రోజు దిగుతారు, మర్నాటి నుంచి పైనుంచే చెయ్యూపుతారు. బాత్రూమ్ గురించీ అడగండి: స్నానాల టబ్బు అంచు ఎత్తా, నిలబడి చేసే షవరా. చవగ్గా దొరికే కొన్ని పాత క్యాబిన్లకి షవర్ వేరే చోట ఉమ్మడిగా ఉంటుంది. నలుగురికి పడకలు అని రాసి, అందులో రెండు నిచ్చెనెక్కితే గానీ చేరలేని అటక మీద ఉంటాయి, అవి పిల్లలకి పండగ, పెద్దవాళ్లకి పనికిరావు.

రెండోది బీచ్. ఇసుక బీచ్ ఉంది అంటారు. చాలాసార్లు అది లారీలో తెచ్చి పోసిన ఇసుక, ఒడ్డున బాగానే ఉంటుంది, మూడడుగులు లోపలికి వెళ్తే కాలు మెత్తగా దిగబడుతుంది. "ఇసుక ఎంత దూరం ఉంటుంది, నడుము లోతు ఎక్కడ మొదలవుతుంది, కలుపు ఎంత, జలగలున్నాయా" అని అడగండి. జలగ అనగానే కంగారు పడకండి, ఉప్పు వేయక్కర్లేదు, గోటితో గీకితే వచ్చేస్తుంది. మా పిల్లలు వాటిని చేపలకి ఎర వేస్తారు, అక్కడ కొట్లలో ఎర కోసం డజన్ల లెక్కన అమ్ముతారు కూడా.

ఈతతో పాటు ఒక మాట, మొహమాటం లేకుండా. మన పెద్దవాళ్లలో చాలామందికి ఈత రాదు, రాదని చెప్పరు. డాక్ మీద నడిచినా సరే, పడవెక్కినా సరే లైఫ్ జాకెట్ వేయించండి. మిన్నెసోటాలో పదేళ్ల లోపు పిల్లలకి పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి. రిసార్టులో ఉచితంగా ఇస్తారు, కానీ ఆరేళ్ల పాప సైజు ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే కొనుక్కెళ్లండి. పెద్దది తొడిగితే నీళ్లలో పడినప్పుడు జాకెట్ పైకి, పాప కిందకి.

మూడోది జాలీ వేసిన వరండా. క్యాబిన్‌కి ముందు వరండా ఉందా, దానికి దోమతెర జాలీ ఉందా. నా దృష్టిలో మూడు బెడ్‌రూములకంటే ఇదే ముఖ్యం. మీ మావగారు పొద్దున కాఫీ నుంచి సాయంత్రం దాకా కూర్చునేది అక్కడే. దోమలు మనకి కొత్తా అనకండి. జూన్ మధ్య నుంచి జూలై మధ్య దాకా అక్కడ దోమలు సాయంత్రం గుంపుగా దిగితే మాట్లాడటానికి నోరు తెరవలేరు. అంతకుముందు, మే చివర నుంచి జూన్‌లో, బ్లాక్ ఫ్లైస్ అని చిన్న ఈగలుంటాయి, చెవి వెనకా జుట్టు మొదట్లోనూ కరుస్తాయి, కరిచినప్పుడు తెలియదు, తర్వాత రక్తం కారుతుంటే తెలుస్తుంది. పిడుదులూ ఉంటాయి, జింకల మీద ఉండే చిన్న రకం లైమ్ జబ్బు అంటిస్తుంది. అడవిలో నడిచొచ్చిన ప్రతిసారీ పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో, తల్లో చూడాలి. డీట్ ఉన్న దోమల మందు ఒంటికి, పెర్మెత్రిన్ అనే పురుగుల మందు బట్టలకి. పెర్మెత్రిన్ బట్టల మీద ముందురోజే కొట్టి ఆరబెట్టాలి, ఒంటికి రాయకూడదు.

దీన్ని బట్టే ఎప్పుడు వెళ్లాలన్నది కూడా తేలిపోతుంది. అన్నిటికంటే మంచి కాలం ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు మధ్య దాకా: దోమలు తగ్గుతాయి, నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, రాత్రి త్వరగా చీకటి పడుతుంది కాబట్టి ధ్రువకాంతులు కనపడే అవకాశం ఉంటుంది. కానీ మీ షికాగో స్కూళ్లు ఆగస్టు మధ్యలోనే తెరిచేస్తారు. కాబట్టి జూలై ఆఖరి వారం, ఆగస్టు మొదటి పది రోజులు, ఈ రెండిట్లో పట్టుకోండి. పగలు ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటొచ్చు, రాత్రి యాభైల్లోకి దిగొచ్చు, అత్తగారికి స్వెటర్, మావగారికి మంకీ క్యాప్ పెట్టండి, నవ్వితే నవ్వనివ్వండి.

నడి వేసవిలో చాలామంది శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు, మూడు రోజులకి ఇవ్వమంటే కుదరదంటారు. ఇంకో సంగతి, కిందటేడు వచ్చినవాళ్లకి అదే వారం అదే క్యాబిన్ మళ్లీ తీసుకునే హక్కు ముందు ఇస్తారు, తాతల కాలం నుంచీ అదే క్యాబిన్‌కి వచ్చే కుటుంబాలున్నాయి. మిగిలినవే మనకి. అందుకే జనవరి, ఫిబ్రవరిలో ఫోన్ చేసి, ఖాళీ లేదంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. రెండు కుటుంబాలకి ఒక పెద్ద క్యాబిన్ కంటే పక్కపక్కన రెండు చిన్నవి మేలు. ఎందుకో మీకు తెలుసు.

వంట. ఇది రాయకపోతే మనవాళ్లకి సమాధానం ఇచ్చినట్టు కాదు. క్యాబిన్లలో వంటిల్లు ఉంటుంది, కానీ గిన్నెలు ఇద్దరికి గుడ్లు వేపుకోవడానికి సరిపోయేవి. కుక్కర్, రైస్ కుక్కర్, ఒక మందపాటి మూకుడు, పోపుల డబ్బా మీవి తీసుకెళ్లండి. స్టవ్‌లు ఎక్కువగా ఎలక్ట్రిక్ కాయిల్‌వి, వేడెక్కడానికి ఒక యుగం, చల్లారడానికి ఇంకో యుగం. పైన చిమ్నీ ఉన్నా చాలాసార్లు అది గాలిని బయటికి పంపదు, చుట్టూ తిప్పి మళ్లీ మీ మొహానికే కొడుతుంది. ఆవాలు చిటపటలాడి ఎండుమిర్చి పడిందో లేదో సీలింగ్ మీద అలారం మొదలవుతుంది, ఎవరో కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతారు, పక్క క్యాబిన్ పెద్దాయన మర్యాదగా వచ్చి అంతా క్షేమమేనా అని అడుగుతాడు. పోపులూ వేపుళ్లూ బయట పెట్టుకోవడానికి ఒక పోర్టబుల్ గ్యాస్ స్టవ్ తెచ్చుకోవచ్చా అని ఓనర్‌ని అడిగేయండి, సాధారణంగా సరే అంటారు, ఫైర్ బ్యాన్ (బయట మంట పెట్టడం మీద నిషేధం) ఉన్నప్పుడు నియమాలు వేరు. సింకులో నూనె పోయొద్దు, అన్నం మెతుకులు వదలొద్దు. అది మునిసిపాలిటీ డ్రైనేజీ కాదు, సెప్టిక్ ట్యాంకు, నిండితే ఆ వాసన మీకే.

పప్పు, బియ్యం, కూరగాయలు షికాగో నుంచే సర్దుకోండి. పెద్ద సూపర్ మార్కెట్ కావాలంటే డులూత్‌లో ఆగండి, ఎలీలో జప్స్ అనే కొట్టుంది, పాలు పెరుగు రొట్టె పళ్లకి ఢోకా లేదు, పచ్చిమిరపకాయలు కొత్తిమీర మీద ఆశ పెట్టుకోవద్దు. భోజనం కూడా పెట్టే లాడ్జీలున్నాయి, మూడు పూటలా కలిపిన రేటుని అమెరికన్ ప్లాన్ అంటారు. శాకాహారులుంటే ముందే ఫోన్లో అడగండి, అక్కడ వైల్డ్ రైస్ సూప్ ప్రసిద్ధి, కానీ చాలాచోట్ల అందులో చికెన్ పడుతుంది. ఆ వైల్డ్ రైస్ ఆ లేకుల్లోనే పెరుగుతుంది, వేసవి చివర్లో ఒజిబ్వేలు పడవల్లో తిరుగుతూ కర్రలతో కంకులు తట్టి గింజలు రాల్చుకుంటారు. ఒక పౌండు కొనుక్కురండి, పులిహోరకి పనికిరాదు గానీ కిచిడీలో బాగుంటుంది.

చేపల సంగతి: పదహారేళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ కావాలి, ఒక రోజుకీ మూడు రోజులకీ వారానికీ ఆన్‌లైన్లో దొరుకుతాయి. వాలై దొరికితే అదృష్టం, ముల్లు తక్కువ, వేపుడుకి దాన్ని మించింది లేదు. నార్తర్న్ పైక్ సులువుగా పడుతుంది, కానీ రెండు పాయల ముళ్లుంటాయి, పిల్లలకి పెట్టేటప్పుడు జాగ్రత్త. కోయడం మాత్రం షెడ్డులోనే. క్యాబిన్ మెట్ల మీద కోసి పేగులు చెట్ల వెనక పడేస్తే రాత్రికి ఎలుగుబంటి వస్తుంది. ఇది మాటవరసకి అనడం లేదు. చెత్త కూడా రాత్రి బయట పెట్టకూడదు.

పడవల్లో ఏవి అద్దెలో కలిసి ఉన్నాయో అడగండి. తెడ్లతో నడిపే చిన్న పడవలు కెనూ, కయాక్ చాలాచోట్ల ఉచితం, మోటారు పడవకి వేరే అద్దె, పెట్రోలు వేరే. మీరు డబ్బు ఖర్చు పెట్టాల్సింది మాత్రం పాంటూన్ మీద. అదొక తేలే వరండా: డాక్ మీద నుంచి ఒక్క అడుగు వేస్తే ఎక్కేస్తారు, చుట్టూ రెయిలింగ్, కూర్చోవడానికి సోఫా సీట్లు, పైన నీడ. వారంలో ఒక్కరోజు తీసుకున్నా చాలు, మీ అత్తగారు చక్రాల్లేని బండి అని మొదట జంకినా మధ్యాహ్నానికి పులిహోర డబ్బా మూత తీసి అందరికీ పెడుతుంటారు. నడపడానికి కొత్త నియమం వచ్చింది, 2025 జూలై నుంచి వయసుల వారీగా దశలవారీగా పర్మిట్ తప్పనిసరి చేస్తున్నారు, మొదట కుర్రవాళ్లకి. ఎవరు నడుపుతారో చెప్పి, అవసరమో కాదో డీఎన్‌ఆర్ సైట్లో చూసుకోండి.

బౌండరీ వాటర్స్‌లోకి రాత్రి బస అక్కర్లేదు, ఒక పగలు వెళ్లొస్తే చాలు మీకు. కెనూలో వెళ్లే పగటి ప్రయాణానికి కోటా లేదు, ప్రవేశ స్థలం దగ్గరే ఉచిత పర్మిట్ మీరే నింపుకుంటారు. గుంపుకి తొమ్మిది మంది మించకూడదు, నాలుగు పడవలు మించకూడదు, మీ రెండు కుటుంబాలని లెక్కపెట్టుకోండి. రాత్రి ఉండాలంటే మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కోటా పర్మిట్ కావాలి, అది వేరే కథ. టిన్ను డబ్బాలు, గాజు సీసాలు లోపలికి తీసుకెళ్లకూడదు, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. ఒక లేక్ నుంచి ఇంకోదానికి పడవ భుజాన మోసుకెళ్లే దారులు పోర్టేజ్‌లు, మ్యాపులో వాటి పొడవు రాడ్లలో రాస్తారు, ఒక రాడ్ పదహారున్నర అడుగులు. ఇరవై ముప్పై రాడ్ల లోపు దారి చూసుకోండి, పాప నడుస్తుంది, బాబు తెడ్లు మోస్తాడు.

కెనడా గీత గురించి తప్పకుండా చెప్పాలి. గన్‌ఫ్లింట్, సాగనాగ, రెయినీ లాంటి లేకుల మధ్యలోంచి సరిహద్దు పోతుంది, నీళ్ల మీద గీత కనపడదు. అటు ఒడ్డున దిగారంటే కెనడాలోకి వెళ్లినట్టే, తిరిగి రావడం అమెరికాలోకి కొత్తగా ప్రవేశించినట్టే. హెచ్1బీ స్టాంపు గడువు అయిపోయినవాళ్లు, విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు అటు కాలు పెట్టనే వద్దు, ఫొటో కోసం కూడా. అటువైపు చేపలు పట్టాలన్నా ఒంటారియో లైసెన్స్ వేరే ఉండాలి. ఫోన్ కూడా అటు టవర్ పట్టుకుని రోమింగ్ బిల్లు వేస్తుంది, సెట్టింగుల్లో ఆపేయండి. ఎలీ పక్కన ఉన్న లేకులు తీసుకుంటే ఈ టెన్షన్ అంతా ఉండదు, అందుకు కూడా అదే అంటున్నాను.

సిగ్నల్ గురించి అడగండి: క్యాబిన్లో వస్తుందా, లాడ్జ్‌లో మాత్రమే వైఫైనా. రాదంటే అత్యవసర నంబరు 911కి ల్యాండ్‌లైన్ ఎక్కడుందో చేరగానే చూసుకోండి. మావగారి మందులు పది రోజులకి సరిపడా, ప్రిస్క్రిప్షన్ కాగితం, విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఒక కవర్లో పెట్టి కార్లోనే ఉంచండి.

అడ్వాన్స్ కట్టేముందు క్యాన్సిలేషన్ నియమం చదవండి. చాలాచోట్ల అడ్వాన్స్ తిరిగి రాదు. అడవి మంటల మాట ప్రత్యేకంగా అడగాలి, 2011లో పగామి క్రీక్ మంట, 2021 ఆగస్టులో మంటల వల్ల బౌండరీ వాటర్స్ మొత్తం మూసేయడం, 2023లో కెనడా నుంచి వచ్చిన పొగ, ఇవన్నీ సీజన్ బుకింగులకి తగిలినవే. ఖాళీ చేయమని ఆర్డర్ వస్తే డబ్బిస్తారా, వచ్చే ఏడాదికి జమ చేస్తారా, కాగితం మీద రాసివ్వమనండి.

దారి విషయానికొస్తే షికాగో నుంచి ఎలీ తొమ్మిదిన్నర పది గంటలు, పెద్దవాళ్లతో పన్నెండు. శుక్రవారం రాత్రి డులూత్‌లో ఆగండి, పొద్దున్నే లిఫ్ట్ బ్రిడ్జ్ పైకి లేచి ఓడ లోపలికి రావడం పిల్లలకి చూపించి, మధ్యాహ్నం బయల్దేరితే చెకిన్ వేళకి చేరతారు. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద జింకలు, మూస్ అడ్డం వస్తాయి, వెలుగుండగానే చేరిపోండి.

ఫోన్ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. వేసవిలో అయితే శనివారం చేయొద్దు, ఆ రోజు పాతవాళ్లు పది గంటలకి ఖాళీ చేసి కొత్తవాళ్లు మూడింటికి దిగేలోపు కుటుంబమంతా పక్కలు మారుస్తూ, గదులు ఊడుస్తూ ఉంటారు. మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండు ప్రాంతంలో చేయండి, అరగంట తీరిగ్గా మాట్లాడతారు.